మీ అమ్మ దగ్గర ఎవరున్నారు?

మొన్న నవంబర్‌లో ఒకరోజు, ఇక్కడ పోర్చుగల్‌లో, ఆలివ్ తోటలో పని ముగించుకుని గదికి వచ్చేసరికి పక్కింటి ముందు పోలీసు జీపు ఆగి ఉంది. గుండె గుభేలుమంది. రెసిడెన్స్ కార్డు రెన్యువల్ కాగితాలు ఆఫీసులో ఇరుక్కున్నవాడికి ఏ యూనిఫాం చూసినా టెన్షనే. తీరా చూస్తే వాళ్లు వచ్చింది నా కోసం కాదు, పక్కింటి పెద్దమ్మ కోసం. జీఎన్ఆర్ అని, ఇక్కడ పల్లెలు చూసుకునే పోలీసులు. ఏటా ఊరూరా తిరిగి ఒంటరిగా బతికే ముసలివాళ్లను లెక్క రాసుకుంటారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 40 వేలు దాటుతోంది. మోసగాళ్లు వస్తే తలుపు తియ్యొద్దని పెద్దమ్మకు చెప్పి, ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లిపోయారు.

నేను నోరు ఊరుకోలేక, వచ్చీరాని పోర్చుగీసులో అనేశాను: "మా దేశంలో తల్లిని ఇట్లా పోలీసులకు వదిలెయ్యం."

ఆమె కోపం తెచ్చుకోలేదు. వేడి సూప్ గిన్నె నా చేతిలో పెడుతూ, "ఫిల్యు, మరి మీ అమ్మ దగ్గర ఎవరున్నారు?" అని అడిగింది. ఫిల్యు అంటే కొడుకా అని. మా జగిత్యాల వైపు ఆడవాళ్లు ఎట్లా పిలుస్తారో అచ్చం అట్లాగే.

నాకు జవాబు రాలేదు. రెండు ఇళ్ల అవతల మేనత్త ఉంటుంది, అక్క పండక్కి వస్తుంది అని ఏదో చెప్పాను. ఆమె తలూపింది. "నాకూ అంతే. పక్కింట్లో నువ్వున్నావు" అంది.

మేముండేది ఫుందావ్ పట్టణం దగ్గర, గార్దున్య కొండ కింద ఒక చిన్న ఊరు. మే, జూన్ నెలల్లో చెర్రీలు, ఆ తర్వాత పీచ్ పళ్లు, చలి మొదలయ్యాక ఆలివ్. పళ్లు కోసే కూలీల్లో చాలామంది మావాళ్లూ నేపాలీలే. ఊళ్లో చిన్నపిల్లల ఏడుపు విని ఎన్నాళ్లయిందో. బడి మూతపడింది. 2010లో 21 మంది పిల్లలు కూడా లేని ప్రాథమిక బడులు మూసెయ్యాలని సర్కారే నిర్ణయించింది. 2021 జనాభా లెక్కల్లో దేశం మొత్తం కోటి మూడు లక్షల మంది. పదేళ్లలో రెండు లక్షలకు పైగా తగ్గారు. పదిహేనేళ్ల లోపు పిల్లలు వంద మంది ఉంటే, 65 దాటినవాళ్లు 182 మంది. లిస్బన్‌లో ఉన్నప్పుడు ఈ అంకెలు విన్నా పట్టించుకోలేదు. ఇక్కడ సాయంత్రం వీధిలో నడిస్తే నాలుగిళ్లకు ఒక దీపం వెలుగుతుంది. అప్పుడు తెలుస్తుంది ఆ అంకె ఏమిటో.

మిగతా ఇళ్లు పాడుబడినవి కావు. మంచి టైల్స్, ఇనుప గేట్లు, పైన బాల్కనీ. ఫ్రాన్స్ డబ్బుతో కట్టినవి. పదకొండు నెలలు తాళం. ఆగస్టులో మాత్రం ఫ్రాన్స్ నంబరు ప్లేట్ల కార్లతో వీధి నిండిపోతుంది, జాతర జరుగుతుంది, మళ్లీ ఖాళీ. మొదటిసారి చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మా ఊళ్లో దుబాయ్, మస్కట్ డబ్బుతో లేచిన ఇళ్లూ ఇంతే కదా. నేను కట్టిన రెండు గదుల్లో ఒకటి ఇప్పటికీ తాళమేసే ఉంది.

పెద్దమ్మ ఆ రాత్రి ఒక ఫోటో చూపించింది. పడుచువాడి ముఖం, నడిమధ్యలో నిలువునా చింపి మళ్లీ అతికించిన గీత. 1968లో ఆమె భర్త దొంగదారిన ఫ్రాన్స్ పోయాడు. అప్పుడు నియంతల రాజ్యం. పోర్చుగల్ ఏలుబడిలోని ఆఫ్రికా దేశాల్లో యుద్ధం, 1961లో అంగోలాలో మొదలై గినీ బిసావ్, మొజాంబిక్‌లకూ పాకింది. వయసులో ఉన్న మగవాణ్ని సైన్యం లాక్కుంటుంది, సర్కారు పాస్‌పోర్టు ఇవ్వదు, ఊళ్లో కూలీ గిట్టదు. ఏజెంటు రాత్రిపూట స్పెయిన్ సరిహద్దు దాటించేవాడు. దాన్ని సాల్తు అనేవారు, గెంతు అని అర్థం. పోయేవాడు తన ఫోటోను రెండుగా చింపి సగం ఇంట్లో ఇచ్చి, సగం తన దగ్గర పెట్టుకునేవాడు. ఫ్రాన్స్ చేరాక ఆ సగాన్ని ఇంటికి పంపేవాడు. రెండు ముక్కలు సరిపోతేనే ఏజెంటుకు డబ్బు కట్టేవారు. పెద్దమ్మ ఆ ముక్క కోసం నలభై రోజులు ఎదురుచూసిందట. ఆ మనిషి పారిస్ చుట్టుపక్కల ఇళ్లు కడుతూనే ముసలివాడయ్యాడు. 1975 నాటికి ఫ్రాన్స్‌లో పోర్చుగీసువాళ్లు ఏడు లక్షలు దాటారు.

ఒకప్పుడు నన్ను దుబాయ్ పంపిన ఏజెంటు డబ్బంతా ముందే తీసుకున్నాడు. చేరానో లేదో అతనికి పట్టలేదు.

ఇప్పుడు పెద్దమ్మ పెద్దకొడుకు ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర, చిన్నవాడు స్విట్జర్లాండ్‌లో. వాళ్లను ఎన్నిసార్లు మనసులో తిట్టుకున్నానో. నాది వేరే సంగతి అని ఇప్పటికీ అనిపిస్తుంది. నాకు అప్పులున్నాయి, వాళ్లకు కార్లున్నాయి. కానీ 2025లో కూడా ఇక్కడ కనీస జీతం 870 యూరోలే. ఆ జీతానికి నేను వచ్చాను, అదే జీతం చాలక వాళ్లు పోయారు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలి?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటికి ఒక వ్యాన్ వస్తుంది. సర్కారు సాయంతో నడిచే వృద్ధుల సేవాకేంద్రం వాళ్లది. ఇద్దరు ఆడవాళ్లు వేడి అన్నం పెట్టి, బట్టలు పట్టుకెళ్లి ఉతికి తెస్తారు, మాత్రలు వేసుకుందో లేదో చూస్తారు. భర్త తాలూకు పెన్షన్ కొంత ఫ్రాన్స్ నుంచి వస్తుంది. మా అమ్మకు నెలకు 2,016 రూపాయల ఆసరా పెన్షన్, దానికి తోడు నేను పంపే డబ్బు. అన్నం తనే వండుకోవాలి. మోకాళ్లు నొప్పి. వాళ్లు తల్లిని వదిలేశారు, మేం చూసుకుంటాం అని ఏ నోటితో అన్నానో నాకే తెలియదు. అట్లాగని మా ఊరి తీరు తక్కువని ఒప్పుకోలేను. మేనత్త రోజూ వస్తుంది. ఏ వ్యానూ అంతసేపు కూర్చోదు.

ఆదివారం పొద్దున ఏడింటికి అమ్మకు వీడియో కాల్ చేశాను. అక్కడ పన్నెండున్నర. పెద్దమ్మ రొట్టె ఇవ్వడానికి వచ్చి ఫోన్‌లోకి తొంగి చూసింది. ఇద్దరూ చేతులూపుకున్నారు.

"ఎవర్రా ఆమె? పిల్లలు లేరా?" అంది అమ్మ.

"ఉన్నరు. వేరే దేశంల పనిచేస్తరు."

"అయ్యో పాపం. ఒక్కతే ఎట్లుంటది బిడ్డా, అంతంత ఇంట్లో."

మీ అమ్మ ఏమంటోంది అని పెద్దమ్మ అడిగింది. బాగున్నారా అని అడుగుతోందని చెప్పాను.