లెసిథిన్ జెల్: ఈసారీ మడ్డే

ఈసారీ జెల్ కట్టలేదు. ఐసోప్రొపైల్ పామిటేట్ అనే నూనె 16 గ్రాములు, సోయా నుంచి తీసే కొవ్వు పదార్థమైన లెసిథిన్ పలుకులు 4 గ్రాములు. రాత్రంతా కలియతిరిగాక తేనె రంగులో తేటగా కరిగింది. అక్కడి వరకు ఎంత ముచ్చటగా ఉందో! కాసిన్ని నీళ్లు పడితే బిగుసుకోవాలి. 1988లో జ్యూరిక్‌లో రసాయన శాస్త్రవేత్త లూయిసీ బృందం చూపింది అదే. నూనెలో లెసిథిన్ అణువులు తలలు లోపలికి, తోకలు బయటికి పెట్టి గుమిగూడతాయి. ఈ గుంపులే మిసెల్‌లు. ఆ తలల మధ్య నీరు చేరితే పొట్టి మిసెల్‌లు పొడవాటి దారాలుగా సాగి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని ద్రవాన్ని కదలనివ్వవు.

అణుభారం 770 అనుకుంటే, ఒక్కో లెసిథిన్ అణువుకు ఒక నీటి అణువు లెక్కన 0.094 మిల్లీలీటర్లు కావాలి. దీనికి యూ-100 ఇన్సులిన్ సిరంజీయే మేలు, యూనిట్‌కు 0.01 మిల్లీలీటరు. యూ-40లో యూనిట్‌కు 0.025, ఈ పనికి మరీ మోటు. 9 యూనిట్ల దగ్గర మార్పేమీ లేదు. 19 దగ్గర లేజర్ కిరణం సీసాలో గీతలా మెరిసింది. ఇక కడుతుందనే అనుకున్నాను. 28 దగ్గర మసక కమ్మింది, చిక్కదనం మాత్రం రాలేదు. 37 దాటాక తెల్లవారేసరికి అడుగున 6 మిల్లీమీటర్ల పాలిపోయిన మడ్డి. వంచితే పైద్రవం జర్రున జారింది, బుడగ సెకను లోపే పైకి వచ్చింది.

గది 33 డిగ్రీలుంది, వేడికి ఈ జెల్ సడలుతుంది కాబట్టి సీసాను 20 డిగ్రీల నీళ్లలో ఉంచాను. ఫలితం అదే. నా అనుమానమంతా సరుకు మీదే. ఈ జెల్‌కు లెసిథిన్‌లో 95 శాతం ఫాస్ఫటిడైల్‌కోలిన్ (కోలిన్ రకం కొవ్వు) ఉండాలంటారు. తినే పలుకుల్లో అది నాలుగో వంతు ఉంటే గొప్ప. మిగతాదాంట్లోని ఇథనాలమైన్, ఇనోసిటాల్ రకాలు నీరు తగలగానే విడిపోయి కిందికి దిగుతున్నట్టున్నాయి. కోలిన్ శాతం ముద్రించని డబ్బా ఇక ఎంత చవకైనా కొనను.

ఇలాంటి మిసెల్‌లే కట్టే ఏఓటీ అనే సబ్బులాంటి పదార్థాన్ని హెప్టేన్ ద్రావణిలో కలిపిన సీసా మాత్రం, ఒక్కో ఏఓటీ అణువుకు 10 నీటి అణువుల దగ్గర మిథిలీన్ బ్లూ రంగును మింగి, నీలంగా, తేటగా నిలిచింది.

కోలిన్ రకం ఇథనాల్‌లో ఎక్కువ కరుగుతుంది. కాబట్టి ఇవే పలుకులను ఇథనాల్‌తో కడిగి, తేటను వడకట్టి ఆరబెట్టి, మళ్లీ 4 గ్రాములతో మొదలుపెడతాను. ఈసారి యూనిట్ యూనిట్‌కూ ఆగి చూస్తాను. అది కడితే అదే లెసిథిన్‌ను సైక్లోహెక్సేన్ అనే ద్రావణిలో చూడాలి. అక్కడ నీరు ఇంకా ఎక్కువ పడుతుందట.