మోకాలికి తరుగు

కోవూరులో ఒక రైస్ మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లు కాటా గుమాస్తాగా చేశాను. మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఎన్ని వేల పుట్లు తూచానో గానీ, నేను మాత్రం సరదాకైనా కాటా ఎక్కలేదు. అరవై ఆరో ఏట డాక్టరు ఎక్కించాడు. 84 కిలోలు.

ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగింది, గ్రేడ్ 3 అన్నాడు. కుడి మోకాలు బాగా, ఎడమది కొంచెం. బాసిపట్లు వేసుకుని అన్నానికి కూర్చోవడం అప్పటికే మానేసి రెండేళ్లయింది. మందు రాసి, "నడవండి, బరువు తగ్గండి" అన్నాడు. నడిస్తే నొప్పి. నొప్పని కూర్చుంటే తొడకండ కరిగిపోతుంది, కండ కరిగితే మోకాలికి ఆసరా పోతుంది. ఊళ్లో మనిషికో నూనె చెప్పారు, అన్నీ రాశాను. ఒకచోట పది రోజులు కాలికి కరెంటు పెట్టి డబ్బు తీసుకున్నారు. ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా నన్ను లేపి నడిపించలేదు, ఆ కోపం ఇంకా ఉంది నాకు.

చెన్నైలో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసింది. "నాయనా, ఇక్కడ బరువు తగ్గించి నడిపించే ట్రెడ్‌మిల్ ఉందంట, వస్తావా?"

"ఎవరి బరువు?"

"నీదే. నడిచినంతసేపే."

పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాం నేనూ, మా ఆవిడా. పెట్టె మెట్లు దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి తెలుగు బాగానే వచ్చు. ముందు బీపీ చూసింది, కాళ్లలో రక్తం గడ్డలు ఎప్పుడైనా కట్టాయా, గుండె జబ్బుందా అని అడిగింది. తర్వాత బిగుతు నిక్కరొకటి ఇచ్చింది. దాని నడుం చుట్టూ గొడుగులా అంచు, అంచుకి జిప్పు. ట్రెడ్‌మిల్ మీద ప్లాస్టిక్ గుడారం లాంటి సంచి ఉంటుంది. అందులో దిగి నిలబడితే నిక్కరు జిప్పునీ సంచి జిప్పునీ కలిపి లాగేస్తారు. నడుం కింద అంతా లోపల, పైభాగం బయట. ఆ నిక్కరు ఎక్కించుకోవడానికే పావుగంట పట్టింది, మా ఆవిడ నవ్వు ఆపుకోలేక బయటికెళ్లింది.

మోటారు వేయగానే మిల్లులో ధాన్యం తూర్పారపట్టే ఫ్యాను మోత గుర్తొచ్చింది. సంచి ఉబ్బింది. లోపలి గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువ, ఆ కాస్తే మనిషిని నడుం దగ్గర పట్టి పైకెత్తుతుంది. నూటికి ఎనభై వంతుల దాకా బరువు తీసేయగలదట, అదీ ఒక్కో శాతం చొప్పున. వ్యోమగాముల కోసం నాసాలో 1990లలో మొదలైన ఆలోచన ఇది అని ఆ అమ్మాయి చెప్పింది. అంతరిక్షంలో బరువు లేక ఎముకలు చిక్కిపోతాయి గనక గాలితో వాళ్లను కిందికి నొక్కాలనుకున్నారు. భూమ్మీద దాన్నే తిరగేసి మనల్ని పైకి లేపుతున్నారు.

నాకు మాత్రం తరుగు గుర్తొచ్చింది. తేమ ఉందనీ తాలు ఉందనీ రైతు బస్తాకు ఇంత అని కోసేస్తారు చూడండి, అది. నేనూ కోశాను, దాచడమెందుకు. ఇప్పుడు నాకు కోస్తున్నారు.

"పదికి నొప్పెంత?" అని అడుగుతూ తగ్గించుకుంటూ వచ్చింది. పూర్తి బరువుతో ఆరు. బరువు 80 శాతానికి దించితే నాలుగు. 65 దగ్గర నేను మాట్లాడలేదు. నొప్పి లేదు. అంటే కాళ్ల మీద 55 కిలోలే ఉన్నాయి, నా పెళ్లినాటికి నేను అంతే ఉండి ఉంటాను.

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. ముందున్న తెరలో నా కాళ్లు కనిపిస్తున్నాయి. నొప్పి లేదు, కానీ కుంటుతూనే ఉన్నాను! కుడికాలు ఆనీ ఆనకముందే ఎడమ కాలు వేసేస్తున్నాను. "సార్, నొప్పి వల్ల మొదలైంది గానీ ఇప్పుడిది అలవాటు. కుడికాలి మీద ఇంకొంచెం సేపు నిలబడండి" అంది. ఇరవై నిమిషాలు, గంటకు రెండున్నర కిలోమీటర్ల వేగం. ఆ తెర చూస్తూ, నడక నేర్చుకునే పిల్లాడిలా చెమటలు కక్కాను. గుజ్జు అరిగింది నిజమే, దాన్ని ఏ మిషనూ తిరిగి పుట్టించదు. కానీ నేను మోసిన బాధలో సగం భయమని ఎవరూ చెప్పలేదు.

వారానికి మూడు రోజులు, నెల రోజులు. నాలుగోసారి నాకు పొగరెక్కింది, బరువు 85 శాతం పెట్టమన్నాను. వద్దంటున్నా వినలేదు. రాత్రికి మోకాలు బూరెలా వాచింది. ఐసు పెట్టుకుని రెండు రోజులు పడుకున్నాను. ఆ అమ్మాయి తిట్టలేదు, ఒక లెక్క చెప్పింది: నడిచేటప్పుడు నొప్పి మూడు దాటకూడదు, వచ్చిన నొప్పి మర్నాటికి సర్దుకోవాలి, సర్దుకోకపోతే ముందటి బరువుకే వెళ్లాలి. నెలాఖరుకు 80 దగ్గర నొప్పి రెండుకు దిగింది. బిల్లు ఎంతయిందో మా అమ్మాయి చెప్పలేదు. నేనే చీటీ చూసి, ఇక ఊరికి పోదాం పదమన్నాను.

ఊళ్లో ఆ మిషను ఎక్కడిది? నడుము లోతు నీళ్లలో నిలబడితే బరువు దాదాపు సగం తగ్గుతుందని ఆ అమ్మాయే చెప్పింది. నెల్లూరులో ఒక ఈతకొలను పట్టాను. వారానికి మూడు పొద్దులు పెన్న దాటి వెళ్లి, ఈత నేర్చుకునే పిల్లల మధ్య అటూ ఇటూ నడుస్తాను. ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, కూర్చోవడం. అన్నిటికంటే కష్టం అన్నం. మిల్లులో బతికినవాణ్ణి రాత్రిపూట అన్నం మానమంటే ఏమవుతుంది? వారం రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఏడు నెలలకు 79కి వచ్చాను. ఒంట్లో కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో అమెరికాలో తేల్చారట. ఆ లెక్కన అడుగుకు ఇరవై కిలోలు, పాతిక కిలోల బియ్యం మూటకు అయిదే తక్కువ. ఈ తరుగు ఎవరూ తిరిగి కలపలేరు, నేను తింటే తప్ప.

మా ఆవిడ లెక్క వేరు. కిందటేడు రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులో నా కోసం ఆరోగ్య రొట్టె పట్టుకుందట, నాకు చెప్పలేదు. "మిషనూ కాదు, కొలనూ కాదు. కోరిక తీరింది గనక ఈసారి నువ్వే వచ్చి రొట్టె వదలాలి" అంది. నేను వాదించలేదు. మొన్న పండక్కి ఘాటు మెట్ల దగ్గర ఆమె చెయ్యి చాపింది. వద్దన్నాను. ఎక్కేటప్పుడు మంచికాలు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు, చెన్నైలో నేర్పింది అదే. కుడికాలు కిందికి వేశాను, ఆనించి ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎడమది. రొట్టె చేతిలోనే ఉంది. వెనక జనం "తొందరగా దిగు పెద్దాయనా" అంటున్నారు.