కారు నడిపింది ఎవరు? మా బావగారి క్లెయిమ్‌తో నా అనుభవం

మా అక్కావాళ్ల కారు క్లెయిమ్‌ను ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరించింది. పాలసీ అమల్లోనే ఉంది. నడిపిన మనిషికి లైసెన్స్ ఉంది, మందు తాగి లేడు. అంటే ఉన్నది ఉన్నట్టు రాసుంటే డబ్బు రాకపోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు. క్లెయిమ్ ఫారంలో డ్రైవర్ పేరు మార్చి రాయడమే కొంప ముంచింది.

హైవే మీద రాత్రిపూట మా మేనల్లుడు గేదెను తప్పించబోయి డివైడర్‌ను కొట్టాడు. బంపర్, రేడియేటర్, ఒక హెడ్‌లైట్ పోయాయి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. వాడికి ముంజేయి దగ్గర చర్మం లేచింది, అంతే. మర్నాడు వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్ మా బావగారికి ఓ సలహా ఇచ్చాడు: "పాలసీ మీ పేరు మీద ఉంది కదా సార్, మీరే నడిపారని రాసేయండి, ఈజీగా పాసవుతుంది." బావగారు అలాగే రాసి సంతకం పెట్టేశారు.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. పాలసీ కాగితంలో 'ఓనర్-డ్రైవర్' అని ఒక లైను ఉంటుంది. అది చూసి, ఓనరే డ్రైవింగ్ సీట్లో ఉండాలి కాబోలు అనుకునేవాళ్లు బోలెడంత మంది. నిజానికి అది ఓనర్ కోసం తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. కారుకు జరిగిన డ్యామేజీకి దానితో సంబంధం లేదు. డ్యామేజీ విషయంలో చూసేది డ్రైవర్స్ క్లాజ్. అందులో ఉన్నది ఇంతే: యజమానితో సహా ఎవరైనా నడపొచ్చు, ప్రమాదం జరిగినప్పుడు ఆ మనిషికి చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి. మా వాడికి ఉంది. ఆ పేజీ ఇంట్లో ఎవరూ తెరిచి చూడలేదు.

నాకు ఈ సంగతంతా తెలిసింది కంపెనీ నుంచి ఇన్వెస్టిగేటర్ వస్తున్నాడని ఫోన్ వచ్చాకే. "ఒరేయ్, నువ్వు పక్కన ఉండు, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నారు బావగారు. వెళ్లాను.

ముందు సర్వేయర్ గురించి చెప్పాలి. నష్టం 50 వేలు, ఆ పైన ఉంటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్స్ ఉన్న సర్వేయర్ చూసి రిపోర్ట్ ఇవ్వాలి. మనం ఆయన పార్టుల ధరలు లెక్కవేయడానికి వస్తాడనుకుంటాం. ఆయన మాత్రం డ్రైవర్ సీటు ఎంత ముందుకు జరిపి ఉందో కూడా ఫొటో తీసుకున్నాడు. మా బావగారు ఆరడుగుల మనిషి. ఆ సీట్లో కూర్చుంటే మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయి. ఆ ఒక్క అనుమానంతోనే ఫైలు ఇన్వెస్టిగేటర్ దగ్గరికి వెళ్లింది.

ఇన్వెస్టిగేటర్ చాలా మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. కాఫీ తాగుతూ, ఎక్కడి నుంచి బయల్దేరారు, ఎన్నింటికి, దారిలో ఎక్కడ ఆగారు, పక్కన ఎవరున్నారు అని అడుగుతూ అన్నీ రాసుకున్నాడు. బావగారు చెప్పిన ప్రతి జవాబూ ఇంకో అబద్ధాన్ని కోరింది. ఆ రాత్రి నిజానికి ఆఫీసు డ్యూటీలో ఉన్న ఆయన హైవే మీద ఎలా ఉన్నారో చెప్పాలి కదా. షిఫ్ట్ మార్చుకున్నానన్నారు. "అయితే ఆఫీసు హాజరు కాపీ ఇస్తారా సార్?" అని అడిగాడాయన. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్కటీ బయటపెట్టాడు. ప్రమాదం జరగ్గానే కంపెనీ టోల్‌ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేసింది మా మేనల్లుడే. "నేనే డ్రైవ్ చేస్తున్నాను, గేదె అడ్డొచ్చింది" అని వాడు చెప్పిన మాట రికార్డయింది. అంటే క్లెయిమ్ ఫారం నింపకముందే కంపెనీ దగ్గర నిజం ఉంది! వాడి చేతికి కట్టు కట్టిన ఆస్పత్రి ఓపీ చీటీలో 'కారు నడుపుతుండగా ప్రమాదం' అని డాక్టర్ రాశాడు. ఇంత తేలిగ్గా దొరికిపోయే అబద్ధానికి ఆ అడ్వైజర్ ఎంత ధీమాగా సలహా ఇచ్చాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రమే నేను కూర్చుని ఉత్తరం రాయించాను. నడిపింది ఎవరో, పేరు ఎందుకు మార్చి రాశారో ఉన్నదున్నట్టు చెప్పి, మేనల్లుడి లైసెన్స్ కాపీ జతచేసి పంపాం. ముందే పంపుంటే ఏమయ్యేదో గానీ, ఆధారాలు ముందు పెట్టాక చెప్పిన నిజానికి విలువ తక్కువ. తిరస్కరణ ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరంలో వాళ్లు ఎత్తిచూపింది క్లెయిమ్ ఫారం కింద సంతకానికి పైన ఉండే డిక్లరేషన్‌ను. అందులో ఉన్నదాని సారం: ఇందులో అబద్ధం చెప్పినా, విషయం దాచినా పాలసీ రద్దవుతుంది, జరిగిన ప్రమాదాలకే కాదు, ఇకముందు జరిగే వాటికి కూడా హక్కు పోతుంది. అన్ని క్లెయిమ్ ఫారాల్లోనూ కాస్త అటూ ఇటూగా ఇదే ఉంటుంది. ఒక్క బంపర్ గురించి ఆడిన అబద్ధం మిగతా ఏడాది కవరేజీని కూడా లాక్కుపోగలదు. చివర్లో 'చట్టపరమైన చర్యలు తీసుకునే హక్కు మాకుంది' అన్న వాక్యం చూసి అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది, మోసం చేసి ఆస్తి రాబట్టుకుంటే ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. మా విషయంలో కంపెనీ అంత దూరం వెళ్లలేదు. అదే ఎవరికైనా దెబ్బలు తగిలి పోలీసు కేసయ్యాక డ్రైవర్‌ను మార్చి చెబితే, గొడవ ఇన్సూరెన్స్‌తో ఆగదు. అసలు నిందితుణ్ని కాపాడటానికి తప్పుడు సమాచారం ఇవ్వడం దానంతటదే నేరం.

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం, జవాబు మారలేదు. అక్కణ్నుంచి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి దగ్గరికి వెళ్లాం. దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ముందు కంపెనీకి రాసి ఉండాలి. వాళ్లు కాదన్నా, నెలలోపు జవాబివ్వకపోయినా, ఏడాదిలోగా వెళ్లొచ్చు. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. మా వాదన ఒక్కటే: నడిపినవాడికి లైసెన్స్ ఉంది, పేరు మార్చడం వల్ల కంపెనీకి ఒక్క రూపాయి అదనపు భారం పడలేదు. నాకిప్పటికీ అది న్యాయమైన వాదనే అనిపిస్తుంది. అంబుడ్స్‌మన్ మా బావగారి వైపు చూసి, "అబ్బాయికి లైసెన్స్ ఉన్నప్పుడు మరి మీ పేరెందుకు రాశారండీ?" అని అడిగారు. వర్క్‌షాప్‌వాళ్లు రాయమన్నారని చెప్పారు బావగారు. "సంతకం మీదే కదా?" అన్నారాయన. ఫిర్యాదు కొట్టేశారు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉన్నా, బావగారు ఇక వద్దన్నారు.

వర్క్‌షాప్ బిల్లు మొత్తం సొంతంగా కట్టుకున్నారు. సలహా ఇచ్చిన అడ్వైజర్‌ను అడిగితే, "నేను మామూలుగా అందరికీ చెప్పేదే చెప్పాను సార్" అన్నాడు. అందరికీ చెబుతున్నాడట!

పాలసీ గడువు అయ్యాక వేరే కంపెనీకి మారాం. ప్రపోజల్ ఫారంలో, గతంలో ఏదైనా కంపెనీ మీ క్లెయిమ్ తిరస్కరించిందా అన్న ప్రశ్న ఉంది. ఏజెంట్ 'లేదు' దగ్గర టిక్ పెట్టబోయాడు. బావగారు పెన్ను లాక్కుని 'అవును' అని రాసి, కారణం కూడా కింద రాశారు. వాళ్లు కారును ఒకసారి తనిఖీ చేసి, కాస్త ఆలస్యంగానైనా పాలసీ ఇచ్చారు.