పొగడ్తలు సరే, ఆర్డరేదీ?

న్యూజెర్సీలో పిల్లలకి తెలుగు-ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు వేస్తున్నానని చెప్పగానే మనవాళ్లు మొదట అనే మాట, "భలే పని చేస్తున్నారండీ!" రెండో మాట, "మా బాబుకో కాపీ ఇవ్వరూ?" డబ్బు ఊసే ఉండదు.

బయటి కష్టం వేరే రకం. "బొమ్మలు బాగున్నాయి గానీ, మీవాళ్లు తప్ప ఇవి ఎవరు కొంటారు?" అని ఒక డిస్ట్రిబ్యూటర్ మొహం మీదే అడిగేశాడు. అమ్మకాల లెక్క చూపించమన్నాడు. పుస్తకం షాపులోకే వెళ్లకపోతే లెక్క ఎక్కణ్ణించి తేను? లీ అండ్ లో అనే పిల్లల పుస్తకాల సంస్థ 2019లో చేసిన సర్వే ప్రకారం అమెరికా ప్రచురణ రంగంలో 76 శాతం తెల్లవాళ్లే. అది చదివాక ఆయన ప్రశ్నకి ఆశ్చర్యం తగ్గింది, ఒళ్లుమంట మాత్రం తగ్గలేదు.

అన్నిటికన్నా భయం రిటర్న్స్. ఇక్కడ షాపులు అమ్ముడుపోని పుస్తకాలు వెనక్కి పంపేసి పూర్తి డబ్బు తీసుకోవచ్చు. హోల్‌సేలర్‌కి 55 శాతం డిస్కౌంటిచ్చి, ప్రింటర్ బిల్లు కట్టేసి, హమ్మయ్య అనుకునేసరికి అట్టల మూలలు నలిగిన పెట్టెలు మా గరాజ్‌లో దిగుతాయి. పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. నాకైతే ఆ నెలంతా టెన్షనే.

ఇలాంటప్పుడు నాకు డెట్రాయిట్‌లోని నల్లజాతి లైబ్రేరియన్, కవి డడ్లీ రాండల్ గుర్తొస్తాడు. 1965లో తన జీతంలోంచి 12 డాలర్లు తీసి బ్రాడ్‌సైడ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత్రి గ్వెండలిన్ బ్రూక్స్, హార్పర్ అండ్ రో లాంటి పెద్ద సంస్థని వదిలి ఆయన దగ్గరికి వచ్చారు. శాలువా కప్పి పంపేయలేదు, వెయ్యమని తన పుస్తకమే ఇచ్చారు.

నాకూ అలాంటివాళ్లు లేకపోలేదు. నూఆర్క్‌లో పుస్తకాల షాపు నడిపే ఒక నల్లజాతి పెద్దావిడ, ఏ లైబ్రరీలో ఎవరికి ఎలా రాయాలో కూర్చోబెట్టి నేర్పించారు. లైబ్రరీలు కొంటే కొన్నట్టే, రిటర్న్ గొడవ లేదు. మా ఆదివారం తెలుగు బడి టీచరుగారైతే ఏడాదికి సరిపడా కాపీలకి ముందే చెక్కు రాసిచ్చారు, డిస్కౌంట్ అడక్కుండా.

మొన్న మన సంఘంవాళ్లు ఫోన్ చేసి, ఉగాదికి స్టాల్ ఫ్రీగా ఇస్తామన్నారు. స్టాల్ ఎందుకండీ, అతిథులకిచ్చే మెమెంటోల బదులు పుస్తకాలు కొనండి అన్నాను.

కమిటీలో పెడతామన్నారు.