మల్లెలప్పుడే కడియం వెళ్లాలి

రాజమండ్రి పక్కనున్న కడియం నర్సరీలు చూడాలంటే సంక్రాంతికే వెళ్లాలని ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ రోజుల్లో రోడ్డుకి రెండు పక్కలా చామంతులు, బంతులు, డాలియాలు, మొక్కలతో పేర్చిన బొమ్మలు, వాటి ముందు సెల్ఫీలు. బాగుంటుంది, కాదనను. కానీ చలికాలంలో నర్సరీలో పూయనిదంటూ ఉండదు, అది చూసి మురిసిపోయి డజను కుండీలు మోసుకొచ్చి, మార్చి వచ్చేసరికి ఎండుపుల్లలు పీకి పారేసేవాళ్లు మా అపార్ట్‌మెంట్లోనే బోలెడు మంది. ఏప్రిల్ ఎండలో నిలబడి పూస్తున్నదేదో అదీ మన డాబా మీద బతికే మొక్క. అందుకే ఎండల్లోనే బయల్దేరాను. పైగా నాకు ఎండాకాలం అంటే నవలల కాలం, చిన్నప్పటి సెలవుల నుంచీ అంతే. పూలూ పుస్తకాలూ ఒకే ప్రయాణంలో కుదరాలంటే రాజమండ్రి కాక ఇంకెక్కడికి వెళ్తాం!

సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారగట్ల కొవ్వూరు దాటి గోదావరి మీదికి వచ్చేస్తుంది. పిన్ని ఇల్లు దానవాయిపేటలో. ఆవిడ రూలు ఒక్కటే, పొద్దున తొమ్మిది దాటాక సాయంత్రం ఐదయ్యేదాకా గుమ్మం దిగకూడదు. "వడదెబ్బ తగిలితే మీ అమ్మకి నేను జవాబు చెప్పాలే" అంది. నాకు కావాల్సిందీ అదే.

ఆ మధ్యాహ్నాల కోసమే రాజశేఖర చరిత్రము పట్టుకెళ్లాను. కందుకూరి వీరేశలింగం గారు 1878లో రాసిన నవల, తెలుగులో మొదటి నవల ఇదేనని చాలామంది అంటారు. కాలేజీలో పేరూ సంవత్సరం బిట్ పేపర్ కోసం బట్టీ పట్టాం తప్ప పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. కథ జరిగేది రాజమండ్రిని ఆనుకుని ఉన్న ధవళేశ్వరంలో. రాజశేఖరుడు ఉన్నవాడు, మంచివాడు, పొగిడితే కరిగిపోయేవాడు. చుట్టూ చేరిన చుట్టాలూ భజనపరులూ తిన్నంత తిని పోతుంటే, చివరికి బంగారం చేసిస్తానన్న బైరాగి ఒకడు వచ్చి మిగిలింది కాస్తా ఊడ్చుకుపోతాడు. భాష గ్రాంథికం, వాక్యాలు బారెడు. ఆఫీసు రోజుల్లో రాత్రి పదింటికి తెరిస్తే రెండో పేజీకే నిద్ర వచ్చేస్తుంది. బయట రోడ్డు మీద పురుగు లేదు, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక, నెత్తి మీద ఫ్యాను, ఎక్కడికీ పోయే దారి లేదు, అలాంటప్పుడు ఆ బారెడు వాక్యాలే మెల్లగా నవ్వించడం మొదలుపెట్టాయి. బైరాగి వచ్చే చోటు పిన్నికి పైకి చదివి వినిపించాను. "ఇప్పుడు వాళ్లే వాట్సాప్ గ్రూపులు పెట్టి డబ్బులు రెట్టింపు చేస్తామంటున్నారు" అంది, మామిడికాయ ముక్కలు కోస్తూ.

ఓ సాయంత్రం గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాం. 1898లో నాళం కృష్ణారావు గారు కుర్రతనంలోనే మొదలుపెట్టిన వసురాయ గ్రంథాలయం, తర్వాత ఇంకో గ్రంథాలయంతో కలిసి ఇదయింది. ఇక్కడ తాళపత్రాలు కూడా ఉన్నాయి, పరిశోధకులకి అవే ముఖ్యం. నాకు మాత్రం బైండు చేసిన పాత పుస్తకాల బీరువాల మధ్య ఊరికే తిరగడం ఇష్టం.

కడియం వెళ్లే రోజు చీకటితోనే ఆటో మాట్లాడుకున్నాం. దారి ధవళేశ్వరం మీదుగానే. కొండ మీద జనార్దనస్వామి గుడి కనపడగానే ఆటో ఆపించాను, నిన్న మధ్యాహ్నం పుస్తకంలో తిరిగిన ఊరు ఇలా టీ బడ్డీలతో, పాల ప్యాకెట్ల ట్రేలతో ఎదురుగా ఉంటే దిగకుండా ఎలా! పిన్నికి రాజశేఖరుడి కంటే మల్లెల మీద బెంగ ఎక్కువ, "ఎండెక్కితే మొగ్గలుండవే, పద పద" అని ఒకటే గోల. ఆ పక్కనే కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. దాన్నుంచి పారిన కాలువల నీళ్లు, గోదావరి వేసిన ఒండ్రుమట్టి, ఆ రెండూ లేకపోతే కడియంలో ఇన్ని నర్సరీలు ఎక్కడివి? ఏటా ఎండల్లో కాలువలు కట్టేస్తారు, అప్పుడు నర్సరీలకి బోర్లే గతి. మేం వెళ్లేసరికి ఇంకా నీళ్లున్నాయి, కట్టేసే రోజులు దగ్గరపడ్డాయన్నాడు ఆటో అబ్బాయి.

ముందు కడియపులంక పూల మార్కెట్. అక్కడ పొద్దున్నే నడవడానికి కాస్త గుండె ధైర్యం కావాలి, బస్తాలు మోసేవాళ్లు ఎవరి కోసమూ ఆగరు. బంతి, లిల్లీ, కనకాంబరాలు, అన్నిటినీ తొక్కేసి మల్లె వాసన. తర్వాత రోడ్డు దిగి లోపల ఓ చిన్న మల్లెతోటకి వెళ్లాం. మొగ్గలు కోస్తున్నావిడ నా చేతిలో ఒక కొమ్మ పెట్టి చూపించింది. తెల్లగా బొద్దుగా తయారైన మొగ్గ ఈ సాయంత్రం విచ్చేది, అదొక్కటే కోయాలి. దాని పక్కనే కొస సూదిగా, ఒంట్లో ఇంకా ఆకుపచ్చ జీర ఉన్నది రేపటిది. నాకు రెండూ ఒకలాగే కనిపించాయి, ఆవిడ వేళ్లు మాత్రం చూడకుండానే ఏరేస్తున్నాయి. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఎరువేసి మళ్లీ తడిపితేనే ఇప్పుడీ పూత అట. మా ఇంట్లో మల్లె చెట్టు తీగలు సాగడమే తప్ప పూయదని చెప్తే, "కత్తెర పెట్టలేదు కదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

నర్సరీల్లో ఆ ఎండకి నిజంగా వెలిగిపోతున్నవి కాగితం పూలు. వాటికి నీళ్లు తగ్గిస్తేనే పూలు, ఎక్కువ పోస్తే ఆకులే. నూరువరహాలు, దేవగన్నేరు, అడీనియం కూడా ధీమాగా ఉన్నాయి. గులాబీలు పూశాయి గానీ రేకుల అంచులు మాడి ఉన్నాయి, వాటిని హైదరాబాద్ డాబా మీదికి తెచ్చి హింసించడం ఎందుకు? నన్ను కట్టిపడేసింది మాత్రం మే పువ్వు. ఏడాదిలో చాలాకాలం మట్టిలో ఉల్లిగడ్డలా ఉండిపోయి, ఇప్పుడు ఆకు కూడా లేకుండా ఒక్క కాడ పైకి తన్నుకొచ్చి, దాని చివర ఎర్రటి బంతి. దగ్గరగా చూస్తే అది ఒక పువ్వు కాదు, వందకి పైగా చిన్న పూలు, ఒక్కోదాని కేసరాల కొసన పసుపు పొడి చుక్క. ఒకటి పూసింది, పక్క కుండీలో ఇంకోటి అప్పుడే మట్టి చీలుస్తోంది.

బండెడు మొక్కలు కొనేద్దామన్న ఊపులో ఉన్నాను. నర్సరీ అతనే ఆపాడు. "ఆయ్, ఇప్పుడు చూసుకోండమ్మా, పేర్లు రాసుకోండి. తొలకరి పడ్డాక పట్టికెళ్తే వేరూనుకుంటాయి. ఈ ఎండల్లో రైల్లో తీసుకెళ్తే మీకూ బాధే, దానికీ బాధే." అమ్ముకునేవాడు కొనొద్దంటే వినాలి మరి. మే పువ్వు గడ్డలు కొన్ని, ఒక గుండుమల్లి అంటు మాత్రం తీసుకున్నాను, మిగతావి రాసుకున్నాను.

నవల మాత్రం పిన్ని తిరిగివ్వలేదు. రాజశేఖరుడి కూతురు రుక్మిణి ఏమైందో తేలేదాకా ఇవ్వదట, ఏమైందో నేను చెప్తానంటే చెవులు మూసుకుంది. ఎలాగూ తొలకరికి మొక్కల కోసం మళ్లీ వెళ్లాలి, ఈసారి వచ్చేటప్పుడు భాష కాస్త తేలిగ్గా ఉండేది తెమ్మని ఫోన్లో ఆర్డర్ కూడా వచ్చేసింది.