ఏది ముందు, ఏది వెనక

ఆదివారం రాత్రి, అనంతపురం

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను నడిపిస్తూ పాచికలతో ఆడే కథల ఆట. అందులో కత్తి యుద్ధానికి తగువు రావడం అరుదు. ఇరవై ముఖాల పాచిక వేస్తాం, వచ్చిన అంకె ఎదుటివాడి కవచం అంకెను అందుకుందా లేదా చూస్తాం, అయిపోతుంది. పంచాయితీలన్నీ మంత్రాల దగ్గరే. ఈ మధ్యాహ్నం కమలానగర్ మిద్దె మీది గదిలోనూ అంతే. ఉగ్గాని ప్లేట్లు పక్కకు జరిపి గళ్ళ కాగితం పరిచాం, యుద్ధం రెండో రౌండుకే ఆగింది. ఒకరి చేతిలో ఆట నియమాల పుస్తకం 2014 కూర్పు, ఇంకొకరి ఫోన్లో 2024 కూర్పు. ఇద్దరూ చదివింది సరిగ్గానే చెబుతున్నారు.

ఆట మొదలుపెట్టే ముందే ఏ పుస్తకమో తేల్చుకోవాలి, అది మొదటి మాట. రెండో మాట కోసమే ఈ పేజీ రాస్తున్నాను. మంత్రం తగువు వచ్చిందంటే నియమం తెలియకపోవడం కన్నా, ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అన్న వరుస చెదిరిపోవడమే ఎక్కువ సార్లు కారణం.

ఎదుటివాడి మంత్రాన్ని మధ్యలోనే ఆపే కౌంటర్‌స్పెల్‌నే తీసుకుందాం. డీఎం (కథ నడిపిస్తూ, రాక్షసుల తరఫున ఆడుతూ, తీర్పు చెప్పేవాడు) "మంత్రగత్తె ఫైర్‌బాల్ వేస్తోంది" అన్నాడంటే గొడవకు విత్తనం పడినట్టే, ఫైర్‌బాల్ పెద్ద నిప్పు మంత్రం మరి. పేరు చెవిన పడగానే విజర్డ్ అనే మాంత్రికుడి పాత్ర ఆడేవాడు "ఆపేస్తాన్నా" అంటాడు. అదే ఏదో చిన్న మంత్రం పేరైతే గమ్మునుండేవాడు. పక్కనున్నోడు "పేరు ఇన్నాక ఆపుతానంటే ఎట్లప్పా?" అని లేస్తాడు. లేచినవాడిదే న్యాయం. 2014 నియమం అడిగేది ఒక్కటే: 60 అడుగుల లోపల ఒక ప్రాణి మంత్రం వేస్తుండగా నీకు కనబడాలి. అది ఏ మంత్రమో నీకు తెలిసిపోతుందని అందులో లేదు. కాబట్టి డీఎం చెప్పాల్సిన వరుస ఇలా ఉండాలి: "ఆమె చెయ్యి పైకి లేచింది, పెదవులు కదులుతున్నాయి, మంత్రం వేస్తోంది." అక్కడ ఆగాలి. ఆపుతారా లేదా అన్న జవాబు రావాలి. ఆ తర్వాతే పేరు. ఆటగాళ్ళు మంత్రం వేసేటప్పుడూ ఇదే పద్ధతి నడవాలి, లేకపోతే డీఎం చేతిలోని రాక్షసులకు మాత్రమే పేర్లు ముందే తెలిసిపోతాయి. అది అన్యాయం.

పేరు కనుక్కోవాలంటే దారి ఉంది. 2017లో వచ్చిన అదనపు నియమాల ప్రకారం రియాక్షన్ (ఏదైనా జరగ్గానే వెంటనే చేసే ఎదురు చర్య) ఖర్చుపెట్టి ఆర్కానా (మంత్రవిద్య తెలివి) పాచిక వేయొచ్చు. అందుకోవాల్సిన అంకె 15కి మంత్రం స్థాయి కలిపినంత. ఫైర్‌బాల్ మూడో స్థాయి, అంటే 18. అయితే కౌంటర్‌స్పెల్‌కూ రియాక్షనే కావాలి, ఒక రౌండుకు అది ఒక్కటే. కనుక్కున్నవాడు ఆపలేడు, ఆపేవాడు కనుక్కోలేడు. ఇద్దరు మాంత్రికులుంటే ఒకడు గుర్తుపట్టి అరవడం, రెండోవాడు ఆపడం మా బల్ల దగ్గర ఒప్పుకుంటాం. ఆ మాత్రం కలిసి ఆడటానికి ఫలితం దక్కాలి.

ఆపాక ఏమవుతుందన్నది రెండు పుస్తకాల్లో వేరు. 2014లో మూడో స్థాయి స్లాటుతో (మంత్రం వేసినప్పుడు ఖర్చయ్యే, లెక్కపెట్టి ఉండే శక్తి) కౌంటర్‌స్పెల్ వేస్తే మూడు, అంతకన్నా తక్కువ స్థాయి మంత్రం పాచిక లేకుండానే పోతుంది. పైస్థాయిదైతే 10కి ఆ స్థాయి కలిపిన అంకె అందుకోవాలి. ఫైర్‌బాల్‌ను ఐదో స్థాయి స్లాటుతో వేస్తే అది ఐదో స్థాయి మంత్రమే, అందుకోవాల్సింది 15. ఇది మరచిపోయి "ఫైర్‌బాల్ మూడే కదా" అనడం మామూలుగా జరిగే పొరపాటు. 2024లో మంత్రం వేస్తున్నవాడే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకునే పాచిక) వేస్తాడు. అంకె అందకపోతే మంత్రం పోతుంది, ఆ యాక్షన్ (వంతులో చేసే ముఖ్యమైన పని) వృథా, స్లాటు మాత్రం వాడి దగ్గరే మిగులుతుంది. నాకు కొత్తదే నచ్చింది. కూడబెట్టుకున్న పెద్ద స్లాటు ఒక్క మాటతో ఆవిరైపోతే ఆ ఆటగాడికి సాయంత్రమంతా చప్పబడిపోతుంది.

దూరం కూడా కొలవాలి. గడికి 5 అడుగులు, 60 అడుగులంటే 12 గళ్ళు. ఫైర్‌బాల్ 150 అడుగులు పోతుంది, కాబట్టి తెలివైన మంత్రగత్తె 14 గళ్ళ అవతలే నిలబడుతుంది. సెంటీమీటరు గళ్ళ కాగితం వాడితే, కంపాస్‌తో 4 సెంటీమీటర్ల వ్యాసార్ధం పెట్టి ప్లాస్టిక్ షీటు మీద గుండ్రం కత్తిరించి ఉంచుకుంటే చాలు. ఫైర్‌బాల్, సైలెన్స్ (ఒక వలయంలో శబ్దమే లేకుండా చేసే మంత్రం) రెండింటి వ్యాసార్ధం 20 అడుగులే, ఒకే బిళ్ళ రెండింటికీ సరిపోతుంది. బిళ్ళ పెట్టేది పాచికలు వేయకముందు. వేశాక "నేను ఆ గడిలో లేనన్నా" అంటే వినకూడదు.

సోర్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్న పాత్ర) సటిల్ స్పెల్ (మంత్రాన్ని గుట్టుగా వేసే నేర్పు) వాడితే? మంత్రం వేయడానికి నోటి మాట, చేతి కదలిక, సామగ్రిలో కొన్నో అన్నీనో కావాలి. 2014లో సటిల్ స్పెల్ మాటను, చేతి కదలికను తీసేస్తుంది, సామగ్రిని తీసేయదు. ఫైర్‌బాల్‌కు గబ్బిలం పెంట, గంధకం కావాలి, లేదా వాటి బదులు ఫోకస్ (మంత్రదండం లాంటి పనిముట్టు). అది చేతిలో కనబడుతుంది కాబట్టి ఆపొచ్చు. మిస్టీ స్టెప్‌కు (ఇక్కడ మాయమై అక్కడ తేలే మంత్రం) మాట ఒక్కటే అవసరం, అది కూడా లేకపోతే చూడటానికేమీ మిగలదు, ఆపలేం. 2024లో సటిల్ స్పెల్ ధర లేని, ఖర్చైపోని సామగ్రిని కూడా తీసేస్తుంది, అక్కడ ఫైర్‌బాల్ కూడా జారిపోతుంది.

మిస్టీ స్టెప్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. విజర్డ్ తన వంతులో బోనస్ యాక్షన్‌తో (అదనంగా చేసే చిన్న పని) దాన్ని వేసి మాయమై తేలాడు. అదే వంతులో ఎవరో వాడి రెండో మంత్రాన్ని ఆపబోతే, వాడు తిరుగు కౌంటర్‌స్పెల్ వేయగలడా? వేయలేడు. 2014లో బోనస్ యాక్షన్ మంత్రం వేసిన వంతులో ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ (స్లాటు ఖర్చు లేని చిన్న మంత్రం) తప్ప ఇంకేదీ కుదరదు, రియాక్షన్‌తో వేసేదైనా సరే. 2024లో ఒక వంతులో మంత్రానికి ఒక్క స్లాటే ఖర్చు చేయాలి. దారులు వేరైనా ఈ సందర్భంలో తీర్పు ఒకటే. స్లాట్లకు చింతగింజలు పెట్టుకుంటే ఇది చూడగానే తెలుస్తుంది: 2024 ఆటలో వంతు మొదలయ్యాక ఒక గింజ పక్కకు పోయిందా, రెండోది కదలకూడదు.

క్లెరిక్ (దేవుడి పేరిట మంత్రాలు వేసే పాత్ర) చేతుల లెక్క చాలామందికి అర్థం కాదు. ఒక చేతిలో గద, రెండో చేతిలో డాలు, డాలు మీద దేవుడి చిహ్నం. బ్లెస్ అనే దీవెన మంత్రానికి సామగ్రి కావాలి, దాని బదులు ఆ చిహ్నమే ఫోకస్ కాబట్టి డాలు పట్టిన చేతితోనే వేయొచ్చు. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్‌కు మాట, చేతి కదలిక మాత్రమే, సామగ్రి లేదు. అందుకే దానికి ఖాళీ చెయ్యి కావాలి, గద ఒరలో పెట్టాలి లేదా కింద పడేయాలి. వార్ క్యాస్టర్ ఫీట్ (ప్రత్యేక నేర్పు) ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు. ఇది విచిత్రంగా అనిపిస్తుంది, అయినా రాసి ఉన్నది అదే. గాయాలు మాన్పే ఇంకో మంత్రం హీలింగ్ వర్డ్‌కు మాట ఒక్కటే చాలు, యుద్ధం మధ్యలో దాన్నే నమ్ముకోవాలి. అదే క్లెరిక్ సైలెన్స్ వలయంలో చిక్కితే హీలింగ్ వర్డ్ నోట్లోనే ఆగిపోతుంది. కౌంటర్‌స్పెల్‌కు చేతి కదలిక ఒక్కటే కాబట్టి ఆ వలయంలోని విజర్డ్ బయటివాడిని హాయిగా ఆపేస్తాడు.

కొన్ని మంత్రాలు నిలవాలంటే వేసినవాడు వాటి మీదే ధ్యాస పెట్టాలి, అదే కాన్సంట్రేషన్. దెబ్బ తగిలితే అది చెదరకుండా సేవ్ పాచిక వేయాలి, నియమం చిన్నదే. అందుకోవాల్సింది దెబ్బలో సగం, లేదా 10, ఏది పెద్దదైతే అది. 28 తగిలితే 14. బాణాలు రెండు, 9, 7 తగిలితే రెండు సార్లు 10కి వేయాలి, కలిపి 16 అని లెక్కకట్టి ఒక్కసారి వేయకూడదు. బ్లెస్ తన మీద కూడా వేసుకున్న క్లెరిక్ ఆ పాచికకు నాలుగు ముఖాల పాచిక కలుపుకోవచ్చు, దాన్ని అడక్కుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. కాన్సంట్రేషన్‌లో ఉన్నవాళ్ళ ముందు సీసా మూత ఒకటి పెట్టాలి. రెండో కాన్సంట్రేషన్ మంత్రం వేస్తానన్నప్పుడు మూతే గుర్తుచేస్తుంది, మొదటిది పోతుందని.

"ఊపిరితిత్తుల్లో నీళ్ళు పుట్టిస్తా" లాంటి వాదనలకు ఎక్కువసేపు ఇవ్వను. నీళ్ళు పుట్టించే మంత్రం వాటిని పోసేది మూత లేని పాత్రలో. మంత్రం చేసేది దానిలో రాసినంతే. ఫైర్‌బాల్ ఎవరూ పట్టుకోని తాడు వంతెనను కాలుస్తుంది, ఒంటి మీది దుప్పటిని కాల్చదు.

పుస్తకంలో రెండు నిమిషాల్లో దొరక్కపోతే డీఎం తీర్పు చెప్పి ఆట నడిపించాలి, తగువును నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒక పాత్ర ప్రాణం దాని మీదే ఆధారపడితే సందేహం ఆటగాడికి లాభంగా పోవాలి. ఇంటికెళ్ళి చదివాక తీర్పు మారితే అది వచ్చే ఆట నుంచి అమలు, జరిగిపోయింది వెనక్కి తిప్పం.

ఈ రోజు రాసుకున్నది రెడీ యాక్షన్ (పనిని సిద్ధం చేసుకుని, అనుకున్నది జరగ్గానే చేయడం) గురించి. "తలుపు తెరుచుకోగానే ఫైర్‌బాల్ వదుల్తా" అన్నవాడు తన వంతులోనే మంత్రం వేసేశాడు, స్లాటు అప్పుడే పోయింది, పట్టి ఉంచడానికి కాన్సంట్రేషన్ కావాలి, వదలడానికి రియాక్షన్. తలుపు తెరుచుకోకపోయినా స్లాటు తిరిగి రాదు. ఆపదలచినవాడు మంత్రం వేస్తున్నప్పుడే, 60 అడుగుల్లో ఉండి చూసి ఆపాలి. తలుపు అవతల ఉన్నవాడికి ఆ అవకాశం లేదు, తలుపు తెరిచాక అడిగినా ఇవ్వను.