పన్నెండు గంటల తగువు

రాత్రి ఒంటిగంట అవుతోంది. వంటగట్టు మీద సీసాలో బుడగలు గురగురమంటున్నాయి. పడుకోవాలి, కానీ పొద్దున మావయ్యతో అన్న మాట గుచ్చుతూనే ఉంది. "మీ రొయ్యలు వేరు మావయ్యా, నా గుర్రాలు వేరు" అనేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరేలే అమ్మలూ, నీకే తెలుస్తాది" అని ఫోన్ పెట్టేశాడు. ఆ సరేలే నాకు నచ్చలేదు.

నా గుర్రాలంటే సీహార్స్‌లు, సముద్రపు గుర్రాలు. వాటిలో మగవాడు బుజ్జిగాడు కిందటి బుధవారం పిల్లల్ని కన్నాడు, రెండువందల పైచిలుకు. ఇవాళ లెక్కపెడితే 41. పోయినసారి ఆరో రోజుకే ఒక్కటీ మిగల్లేదు, కాబట్టి 41 నాకు పెద్ద సంఖ్యే. సాయంత్రం ఒక పిల్ల నైలాన్ పోగుకి తోక చుట్టుకుని, ఎదురొచ్చిన ఆర్టీమియాని, అంటే మేతగా వేసే ఉప్పునీటి చిట్టిరొయ్యని, టక్కున లోపలికి లాగేసింది. చిన్నదీ నేనూ ఊపిరి బిగబట్టి చూశాం.

అది తప్ప రోజంతా ఆర్టీమియా గుడ్ల గొడవే. పాత డబ్బా అయిపోయిందని వేరే చోట కొత్త ప్యాకెట్ తెప్పించాను. మీద నూటికి తొంభై పొదుగుతాయని రాసుంది. ఉప్పు సరిగ్గా కొలిచి, నీళ్ళు 28 డిగ్రీల దగ్గర పెట్టి, లైటు వేసి, ఇరవైనాలుగు గంటలు ఆగితే సగం కూడా పొదగలేదు. పెద్ద డబ్బా ఎప్పుడో విప్పి, గాలీ తేమా తగిలాక చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మి ఉంటారని నా అనుమానం. డబ్బు పోయిందని కాదు నా బాధ. సీహార్స్‌కి జీర్ణాశయం లేదు. తిన్నది పేగులోంచి త్వరగా వెళ్ళిపోతుంది, అందుకే పిల్లలు పొద్దస్తమానం తింటూనే ఉండాలి. అలాంటి పేగులో పొదగని గుడ్డో, ఖాళీ పెంకో అడ్డం పడితే పిల్ల చచ్చిపోతుంది. సగం పొదగలేదంటే మిగతా సగం నా పిల్లల తొట్టెలోకి పోకుండా నేను కాపలా కాయాలన్నమాట.

అందుకని సాయంత్రం మిగిలిన గుడ్లకి బ్లీచ్ పెట్టి పెంకు తీశాను. గంటసేపు మంచినీళ్ళలో నానబెట్టి బ్లీచ్ పోస్తే, కాఫీపొడి రంగు గుడ్లు ముందు తెల్లబడి, తర్వాత నారింజ రంగుకి తిరుగుతాయి. తిరిగీ తిరగగానే వడగట్టి, వాసన పోయేదాకా కడగాలి. ఇంకో నిమిషం ఆగితే లోపలి ప్రాణం కూడా పోతుంది. ఆయన కిటికీలన్నీ తెరిచారు, ఏమీ అనలేదు. మొన్న ఫ్లోరిడా నుంచి తెప్పించిన బతికున్న మైసిస్ (పెద్ద గుర్రాలకి వేసే చిన్న రొయ్యల్లాంటివి) పెట్టె ఒకరోజు ఆలస్యంగా, ఈ డాలస్ ఎండలో గుమ్మం ముందు పడి ఉన్నప్పుడు కూడా ఏమీ అనలేదు. బతికిన నాలుగూ తెల్లారేసరికి రెండయ్యాయి, ఒకదాన్నొకటి తినేశాయి.

అసలు తగువు దేని గురించంటే, పొదిగిన ఆర్టీమియాకి మొదట్లో నోరు తెరుచుకోదు. గుడ్డులోంచి తెచ్చుకున్న పచ్చసొన మీదే బతుకుతుంది. ఎనిమిది గంటలకో, పన్నెండు గంటలకో చర్మం విడిచాక తినడం మొదలుపెడుతుంది. నేను అప్పటిదాకా ఆగి, నాచూ చేపనూనె ముద్దా తినిపించి, ఆ తర్వాతే పిల్లలకి వేస్తాను. ఇది చెప్పగానే మావయ్య, "ఏటే, పుట్టినవాటిని పన్నెండు గంటలు ఉంచీసి అప్పుడు వేస్తావా? సద్దిమూట తినీసేక ఇంక దానిలో ఏటుంటాది?" అన్నాడు. దానికే నాకు కోపం వచ్చింది. రొయ్యపిల్లకి తొట్టెలో ఆర్టీమియాతో పాటు కీటోసెరాస్ నాచు కూడా ఉంటుంది. నా పిల్లలకి ఆర్టీమియా తప్ప దిక్కు లేదు, దాంట్లో చూస్తే సముద్రపు పిల్లలకి కావలసిన డీహెచ్‌ఏ, అంటే చేపనూనెలో ఉండే కొవ్వు, దాదాపు ఉండదు. ఇదంతా వివరంగా చెప్పొచ్చు కదా. చెప్పకుండా అంత మాట అనేశాను.

1993 వేసవి సెలవుల్లో నన్ను తను పనిచేసే భీమిలి రొయ్యపిల్లల హేచరీకి తీసుకెళ్ళింది ఈ మావయ్యే. అప్పుడంతా టైగర్ రొయ్య సీడ్ రోజులు. రాత్రి డ్యూటీకి నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. హాల్లో బ్లోయర్ హోరు, తడి సిమెంటు, కుళ్ళిన నాచు కంపు. అడుగు సన్నగా ఉన్న తొట్టెకి గాలి ఆపేసి, కిందనుంచి లైటు పెట్టి, "ఇప్పుడు సూడు" అన్నాడు. పెంకులన్నీ పైకి తేలిపోయాయి. వెలుతురు దగ్గరికి నారింజ పొగలాగా ఏదో దిగింది. ఆ పొగంతా ప్రాణాలేనని చెప్తే నేను నమ్మలేదు. అరచేతిలో నీళ్ళు పోసి చూపించాడు. డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు నాచేత చదివించి, ఇవి అమెరికాలో ఉప్పు చెరువు నుంచి వస్తాయే అన్నాడు. పోయినేడు ఆ ఉప్పు చెరువు, గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున, ఆంటిలోప్ ఐలాండ్ మీద నిలబడితే అదే కంపు. అక్కణ్ణుంచే ఫోన్ చేశాను.

ఇదంతా రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రాత్రి వడగట్టిన బకెట్‌ని మావయ్య మంచుగడ్డలున్న పెట్టెలో పెట్టాడు. చంపేస్తున్నాడనుకుని ఏడ్చాను. "సావవే, సలికి తొంగుంటాయి. తెల్లార్తే మళ్ళీ ఆడతాయి" అన్నాడు. చలికి అవి మందగిస్తాయి, పచ్చసొన ఖర్చవదు. సద్దిమూట విప్పనివ్వకుండా దాచడమే అది. నా పద్ధతిలో రాత్రి పదింటి మేతకీ తెల్లవారుజాము మేతకీ మధ్య పిల్లలకి దొరికేది సొన అయిపోయి, నూనె కూడా అరిగిపోయిన ఆర్టీమియానే. నా పిల్లలు ఎక్కువగా పోయింది కూడా తెల్లవారుజామునే. ముప్పై ఏళ్ళ క్రితం చూసిన విషయం నాకెందుకు తట్టలేదు?

అయినా నేను చెప్పిందీ తప్పు కాదు. నూనె ముద్ద లేకుండా ఈ 41 పిల్లలూ నెలరోజులు దాటవు, ఆ మాట వెనక్కి తీసుకోను.

రొయ్యలకి తెల్లమచ్చ వ్యాధి వచ్చి కోస్తా అంతా చెరువులు ఎండగట్టాక మావయ్య ఆ పని మానేశాడు. ఇక్కడ సీహార్స్‌లు పెంచుతున్నానని చెప్తే మొదట భయపడిపోయాడు, అక్కడ 2001లో వాటిని పులితో సమానంగా వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు మరి. "కేసు పెడతారే" అన్నాడు. ఇవి తొట్టెల్లోనే పుట్టి పెరిగినవని చెప్పాక, రోజూ ఎన్ని మిగిలాయని అడుగుతున్నాడు. ఇవాళ అడగకుండానే పెట్టేశాడు.

ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన చోటు చేసి, వడగట్టిన గిన్నె పెట్టాను. మూడింటికి అలారం. 41 అని ఒక్క అంకె మావయ్యకి పంపాను. అక్కడ ఇంకా మధ్యాహ్నం కాలేదు, చూసే ఉంటాడు.